నగర పునర్నిర్మాణం – మన పిల్లల ఆటస్థలం

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ల పండుగనాడు ప్రధానోపాధ్యాయిని చదవవలసింది పాఠశాల ప్రగతి నివేదిక. ఆ నివేదిక జూబిలీ సంచికలో వేరుగా అచ్చవుతున్నది. ఉత్తీర్ణతా శాతాలు, బహుమతుల పట్టిక, దాతల పేర్లు అన్నీ అందులో చూడవచ్చును. కనుక నాకు కేటాయించిన అరగంటను వేరొక విషయానికి వినియోగించుకుంటానని ట్రస్టు వారిని అడిగాను. వారు దయతో అంగీకరించారు. ఆ విషయం వారికి కొంత ఇబ్బంది కలిగించేదని తెలిసి కూడా అంగీకరించారు. అందుకు వారికి ముందుగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

నేను మాట్లాడదలచినది ముంబయి నగర పునర్నిర్మాణాన్ని గురించి. పాఠశాల పండుగకూ దీనికీ ఏమి సంబంధమని మీలో కొందరికి అనిపించవచ్చు. మన పాఠశాల ఆటస్థలాన్ని గురించి ఒక ప్రతిపాదన ట్రస్టు ముందున్నదని మీరు వినే ఉంటారు. దానిమీద మీరందరూ ఒక నిర్ణయం తీసుకోవలసి ఉన్నది. ఈ నగరంలో ఖాళీ నేలకు ఏమేమి జరిగిందో తెలిసినవారు తీసుకునే నిర్ణయం ఒక విధంగా ఉంటుంది, తెలియనివారిది మరొక విధంగా ఉంటుంది. ఆ సంగతులే మీ ముందు పెట్టదలచాను.

తెలుగువారు ఈ నగరానికి ముఖ్యంగా రెండు పనుల కోసం వచ్చారు. కట్టడానికి వచ్చారు, నేయడానికి వచ్చారు. నిజాం రాజ్యపు పల్లెల నుండి వచ్చి రాయి మోసిన, సున్నం కలిపిన కూలీలను ఇక్కడివారు కామాఠీలన్నారు. వారు నివసించిన పేట కామాఠీపురా అయింది. ఆ పేరు ఇతరులకు నేడు మరేదో గుర్తు చేస్తుంది. మనకు మాత్రం అది మన తాతల కష్టార్జితపు చిరునామా. తరువాత కరీంనగరం, నల్లగొండ, ఓరుగల్లు ప్రాంతాల నుండి పద్మశాలీలు, ఇతర కులాలవారు బట్టల మిల్లులలోకి వచ్చారు. ఊళ్లో మగ్గం ఆగిపోయినవాడు ఇక్కడ సాంచాల మీద నిలబడ్డాడు. పరేలు, వర్లీ, లాల్‌బాగ్, డిలైల్ రోడ్డు ప్రాంతాల చాళ్లలో ఒక ఖోలీకి పదిమంది చొప్పున కాపురం ఉన్నారు. ఒకరు రాత్రి పాళీకి వెళ్తే మరొకరు అదే చాపమీద పడుకునేవారు. అటువంటివారు జీతం రోజున తలా కొంత వేసుకుని తమ పిల్లలకు తెలుగు అక్షరాలు రావాలని పెట్టుకున్న బడి ఇది.

ఈ నగరం రెండుసార్లు పెద్ద దెబ్బ తిని కోలుకున్నది. మొదటి దెబ్బ 1896లో వచ్చిన ప్లేగు. మాండ్వీ ప్రాంతంలో బయటపడిన ఆ వ్యాధి ఇరుకు వీధులలో, గాలి చొరబడని గదులలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. ఇంకెందరో ఊరు విడిచి పారిపోయారు. నగరానికి ఊపిరాడడం లేదని పాలకులకు అప్పుడు తెలిసింది. 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అనే సంస్థను చట్టం ద్వారా స్థాపించారు. దాదరు, మాటుంగా, వడాలా ప్రాంతాలలో పొలాలూ చవిటి నేలలూ ఉన్నచోట వెడల్పయిన వీధులు, చెట్ల వరుసలు, తోటలు గీసి, వాటి మధ్య ఇళ్లకు స్థలాలు చూపించారు. దాదరు పార్సీ కాలనీలోని అయిదు తోటలు ఆ ప్రణాళికలో భాగమే. ట్రస్టులో ఇంజనీరుగా పనిచేసిన మంచర్జీ జోషీ పేరును ఆ తోటల దగ్గర నేటికీ తలుచుకుంటారు. 1925లో ప్రజలకు తెరిచిన మాహిం పార్కును 1927లో శివాజీ పార్కుగా మార్చారు. అది సుమారు 28 ఎకరాల మైదానం. నూరేళ్లుగా అక్కడ పిల్లలు ఆడుతున్నారు, ముసలివారు గోడమీద కూర్చుంటున్నారు, సభలు జరుగుతున్నాయి. టిక్కెట్టు లేదు.

ఆ ట్రస్టు చేసినదంతా పుణ్యకార్యమని నేను చెప్పబోవడం లేదు. రోగం పేరిట అది కూల్చిన పేదల ఇళ్లకు, తొలి సంవత్సరాలలో తిరిగి కట్టించిన ఇళ్లకు పొంతన లేదు. దాదరు తోటల పక్కన ఇళ్లు కట్టుకోగలిగినది మధ్యతరగతివారే. మన కూలీలకు వచ్చినవి ఆ తరువాత, 1920 దశకంలో ప్రభుత్వపు బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కట్టిన బి.డి.డి. చాళ్లు. 160 చదరపుటడుగుల గది, అంతస్తుకు కలిపి మరుగుదొడ్లు. వర్లీలో 121, నాయగావ్‌లో 42, ఎన్.ఎం. జోషీ మార్గంలో 32, శివ్‌డీలో 12, మొత్తం 207 కట్టడాలు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆనాడు కోలుకోవడమంటే గాలి, వెలుతురు, నేల అనే అర్థం పాలకుల మనసులో ఉన్నది. తోటను మందుగా లెక్కించారు. ఆ చాళ్ల మధ్య కూడా పిల్లలు కబడ్డీ ఆడుకునే మైదానాలు వదిలారు.

రెండవ దెబ్బ మీలో చాలామంది ఇళ్లలో తగిలినదే. 1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలయింది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానేశారు. ఆ సమ్మె ఫలానా రోజున ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. ముగియకుండానే మిల్లులు మూతపడడం మొదలయింది. నేను అప్పటికి ప్రాథమిక పాఠశాల దాటుతున్న పిల్లను. మా నాన్నగారు ఒక మిల్లులో నేతపనివారు. తెల్లవారుజామున భోంగా కూత వినబడకపోతే ఆయనకు ఆ తరువాత ఎన్నో ఏళ్లు నిద్ర పట్టలేదు. కూత ఉన్నప్పుడు మేల్కొనే మనిషి కూత లేక మేల్కొనేవారు. ఇంట్లో ఇత్తడి సామాను ఒక్కొక్కటే మార్వాడీ కొట్టుకు వెళ్లింది. కొన్ని కుటుంబాలు ఊళ్లకు మరలిపోయాయి. కొన్ని భివండీకి వెళ్లి పవర్‌లూముల మీద సగం జీతానికి చేరాయి. మన పాఠశాల హాజరు పట్టీలలో ఆ సంవత్సరాల పుటలు తిరగేస్తే పేరు వెంట పేరుకు ఎర్ర సిరా గీత కనిపిస్తుంది. ఆ పట్టీలను మేము ప్రదర్శనలో ఉంచాము. గీత కింద తమ పేరు ఉన్నవారు కొందరు నేడు ఈ సభలో కూర్చుని ఉన్నారు.

మిల్లులు మూతపడినాక మిగిలినది భూమి. ద్వీపనగరం నడిబొడ్డున 58 మిల్లులు, వాటి కింద సుమారు 600 ఎకరాలు. ఇంత ఇరుకైన నగరానికి ఇంత నేల ఒక్కసారిగా చేతికి అందడమన్నది అరుదైన అదృష్టం, ఆ అదృష్టం వెనుక లక్షల కుటుంబాల దురదృష్టం ఉన్నప్పటికీ. ఆ నేలను ఏమి చేశారన్నదే నేను మీకు కొంచెం విస్తరించి చెప్పదలచిన కథ.

1991లో వచ్చిన అభివృద్ధి నియంత్రణ నిబంధనలలో 58వ నిబంధన మిల్లు భూములకు సంబంధించినది. మిల్లు భూమిని వేరొక పనికి మార్చదలచినవారు దానిని మూడు భాగాలు చేయాలన్నది. ఒక భాగం నగరపాలక సంస్థకు, తోటలకూ ఆటస్థలాలకూ. ఒక భాగం గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, సామాన్యుల ఇళ్లకు. మిగిలినది యజమానికి. మ్హాడా వంతు, యజమాని వంతు భూమి పరిమాణాన్ని బట్టి కొంత మారేవి. నగరపాలక సంస్థకు రావలసిన 33 శాతం మాత్రం చిన్న మిల్లుకైనా పెద్ద మిల్లుకైనా ఒకటే. గణితం ఉపాధ్యాయురాలిని కాకపోయినా ఈ లెక్క నాకు వస్తుంది. 600 ఎకరాలలో మూడో వంతు 200 ఎకరాలు. అంటే ఏడు శివాజీ పార్కులు.

ఆ నిబంధన ప్రకారం భూమి ఇవ్వడానికి యజమానులు తొందరపడలేదు. మూడింట రెండు వంతులు వదులుకోవాలంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? కొందరు పాత షెడ్లను అలాగే ఉంచి లోపల కార్యాలయాలు, దుకాణాలు పెట్టారు. నూలు వడికిన చోట బౌలింగ్ ఆట వెలిసింది. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘం, జాతీయ జౌళి సంస్థ చేతిలో ఉన్న 25 మిల్లుల భూములను పరిశీలించి నివేదిక ఇచ్చింది. ఒక్కొక్క మిల్లును ఒక్కొక్క ముక్కగా చూడవద్దు, పక్కపక్కనున్న భూములను కలిపి ఒకే పటంగా చూడండి, అప్పుడే వీధులకు, కూడళ్లకు, తోటలకు పనికివచ్చే చోటు దొరుకుతుంది అన్నది దాని సారాంశం. ఎంత సూటి ఆలోచన! నలుగురు అన్నదమ్ములు నాలుగు గోడలు కట్టుకుంటే మధ్యలో బావికి చోటుండదని మన ఊళ్లో ఎవరికైనా తెలుసు. ఆ నివేదికను అమలు చేయలేదు.

2001లో 58వ నిబంధనను సవరించారు. సవరణ చిన్నదిగా కనిపిస్తుంది. పంచవలసింది మొత్తం భూమి కాదు, కట్టడాలు లేకుండా ఖాళీగా ఉన్న భూమి మాత్రమే అన్నారు. మిల్లు ఆవరణ అంటే మీకు తెలుసు. షెడ్లు, గోదాములు, బాయిలరు గది, చిమ్నీ. ఖాళీగా ఉండేది ఎంత? ఆ షెడ్లను తరువాత కూల్చివేసినా వాటి కింది నేల పంపకంలోకి రాదు. ఒక్క మాట మార్పుతో తోటలకు, పేదల ఇళ్లకు రావలసిన నేల పిడికెడయింది. 2005లో జాతీయ జౌళి సంస్థ అయిదు మిల్లుల భూములను రెండు వేల కోట్ల రూపాయలకు పైగా ధరకు అమ్మింది. అదే సంవత్సరం బొంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో బొంబాయి ఉన్నత న్యాయస్థానం అక్టోబరులో ప్రజల పక్షాన తీర్పు చెప్పింది. 2006 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానం ఆ తీర్పును తోసిపుచ్చి 2001 సవరణను నిలబెట్టింది. న్యాయస్థానం మాటను నేను విమర్శించను. సవరణ చట్టబద్ధమా కాదా అన్నది వారి ముందున్న ప్రశ్న. మంచిదా కాదా అన్నది మన ముందు ఈ ఇరవై ఏళ్లుగా ఉన్న ప్రశ్న, దానికి సమాధానం లోయర్ పరేలు వీధులలో నిలబడితే కనిపిస్తుంది.

నగరం కోలుకోలేదని ఎవరూ అనలేరు. చిమ్నీల స్థానంలో అద్దాల మేడలు వచ్చాయి. బ్యాంకులు, టెలివిజన్ సంస్థలు, పెద్ద పెద్ద దుకాణ సముదాయాలు వచ్చాయి. మన పూర్వ విద్యార్థులు కొందరు ఆ మేడలలోనే ఉద్యోగాలు చేస్తున్నారు, అది నాకు గర్వకారణమే. తండ్రి నేసిన చోట కూతురు కంప్యూటరు ముందు కూర్చున్నది. కాని ఆ మేడలకు చేరే దారి మిల్లుల కాలం నాటిదే. రైలు స్టేషను వంతెన అదే, సందు అదే. 2017 సెప్టెంబరు 29 ఉదయం వర్షం కురుస్తుండగా అప్పటి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను పాదచారుల వంతెన మీద తొక్కిసలాట జరిగి 23 మంది చనిపోయారు. ఆఫీసులకు వెళ్లేవారు, పూలు అమ్ముకునేవారు. తరువాత సైన్యం వచ్చి కొత్త వంతెన కట్టింది, స్టేషనుకు ప్రభాదేవి అని పేరు మారింది. అదే సంవత్సరం డిసెంబరు 29 అర్ధరాత్రి దాటాక కమలా మిల్స్ ఆవరణలోని మేడమీది భోజనశాలలలో నిప్పంటుకుని 14 మంది మరణించారు. మూడు నెలల తేడాలో, నడకదూరంలో, రెండు దుర్ఘటనలు. కారణాలు వేరువేరు. అయితే రెండింటిలోనూ మనుషులకు నిలబడడానికి, తప్పుకోవడానికి చోటు లేకపోవడం ఉన్నది.

తలకు పది నుండి పన్నెండు చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని కేంద్ర ప్రభుత్వపు పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు చెప్తాయి. ముంబయిలో ఉన్నది ఒక చదరపు మీటరు పైచిలుకు అని నిపుణులు చెప్తూ వస్తున్నారు. ఒక చాప పరిస్తే సరి.

జరిగిన మేలును కూడా చెప్పకపోతే నేను పక్షపాతినవుతాను. మిల్లు కార్మికులకు ఇళ్ల కోసం సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే 2012లో మ్హాడా మొదటి లాటరీ తీసింది, 6,925 ఇళ్లకు. 2020 మార్చిలో బాంబే డైయింగ్, శ్రీనివాస మిల్లు భూములలో కట్టిన 3,894 ఇళ్లకు మరొకటి తీసింది. దరఖాస్తు పెట్టుకున్నవారు లక్షకు పైగా. అందువల్ల దక్కినవారికంటె ఎదురుచూస్తూ పోయినవారే ఎక్కువ. 2025 ఆగస్టు 14న వర్లీ బి.డి.డి. చాళ్ల స్థానంలో కట్టిన మొదటి మేడలలో 556 కుటుంబాలకు తాళంచెవులు ఇచ్చారు. 160 చదరపుటడుగుల గదికి బదులు 500 చదరపుటడుగుల ఇల్లు, ఇంట్లోనే స్నానాల గది. తెల్లవారుజామున బిందె పట్టుకుని వరుసలో నిలబడిన మా తరం ఆడవాళ్లకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ మేడలను ఎవరైనా వెక్కిరిస్తే నేను ఊరుకోను.

ఇక బహిరంగ స్థలాలు. 2022లో సేనాపతి బాపట్ మార్గంలో ఫ్లైఓవరు కింద చెత్తా వాహనాలూ నిండిన జాగాను శుభ్రపరచి, నడకదారి, చెట్లు, కూర్చునే అరుగులు ఏర్పాటు చేశారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎం.వి.ఆర్.డి.వి. అనే వాస్తుశిల్ప సంస్థ దానికి రూపకల్పనలో పాలుపంచుకున్నది. చూడముచ్చటగా ఉన్నది. అయినా తలమీద వాహనాలు పోతుండగా కింద సేద తీరవలసిన స్థితికి వచ్చామా అని కూడా అనిపిస్తుంది. సముద్ర తీరంలో కోస్టల్ రోడ్డు 2024 నుండి అంచెలంచెలుగా తెరిచారు. దాని పక్క విహార మార్గాన్ని 2025 ఆగస్టులో ప్రజలకు వదిలారు. మహాలక్ష్మి రేసుకోర్సు 211 ఎకరాలలో 120 ఎకరాలు నగరపాలక సంస్థకు ఉద్యానం కోసం అప్పగించే ఒప్పందం 2024లో జరిగింది. ఇవన్నీ మంచివే, పెద్దవే. నడిబొడ్డున దొరికిన 200 ఎకరాలు జారవిడుచుకుని, అంచున సముద్రాన్ని పూడ్చి తోట వేసుకుంటున్నామన్న సంగతి మాత్రం పిల్లలకు పాఠంగా చెప్పేటప్పుడు నాకు ఎలా చెప్పాలో తోచదు. ఏడేళ్ల పిల్ల ఒంటరిగా కోస్టల్ రోడ్డు దాటి విహార మార్గానికి వెళ్లలేదు. ఎనభై ఏళ్ల అవ్వ కూడా వెళ్లలేదు. పిల్లలకు, వృద్ధులకు కావలసిన మైదానం నడిచి వెళ్లే దూరంలో, రోడ్డు దాటకుండా ఉండాలి.

బహిరంగ స్థలమనేది పుస్తకాల మాట. మన పల్లెలలో దానిని రచ్చ అన్నారు. చెట్టు కింద అరుగు, బొడ్రాయి దగ్గర ఖాళీ జాగా, ఊరబావి గట్టు. అది ఎవరిదీ కాదు గనుకనే అందరిదీ. చాళ్లలో ఆ పనిని పొడవాటి నడవా, కింది చౌకు చేశాయి. పప్పు విసురుకుంటూ, వడియాలు పెట్టుకుంటూ నాలుగు భాషల ఆడవాళ్లు అక్కడే మాట్లాడుకునేవారు. నా మరాఠీ నేను బడిలో కంటె అక్కడే ఎక్కువ నేర్చుకున్నాను.

నిరుడు ఏడవ తరగతి పిల్లలకు భూగోళశాస్త్రంలో పటాల పాఠం చెప్తూ మా ఉపాధ్యాయిని ఒక పని ఇచ్చారు. మీ ఇంటి నుండి, ఎవరూ “నువ్వెవరు, ఏ ఫ్లాటు?” అని అడగకుండా ఆడుకోగలిగిన చోటుకు దారి గీసుకు రండి అన్నారు. పటాలు గోడకు అంటించి ఉన్నాయి, సభ తరువాత తప్పక చూడండి. ఒక బాలుడు కొత్త మేడలో ఉంటాడు. వాడు గీసిన గ్రౌండు ఆరో అంతస్తులో, కార్లు నిలిపే అంతస్తుల మీద ఉన్నది. పక్కన వాడే ఒక బోర్డు గీశాడు, “బంతి ఆటలు నిషిద్ధం” అని. మరొకడు ఒక మైదానానికి దారి గీసి, గేటు దగ్గర కాపలాదారు బొమ్మ వేశాడు. ఆడపిల్లల పటాలు చూసి మాత్రం నేను కొంతసేపు అక్కడే నిలబడిపోయాను. వారిలో చాలామంది గీసిన దారి ఒకే చోటికి వచ్చి ఆగింది, మన పాఠశాల ఆటస్థలానికి. మైదానాలలో పెద్ద మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, అక్కడికి మమ్మల్ని పంపరు టీచర్ అన్నారు. మన ఖో-ఖో జట్టు బాలికలదే ఎందుకయిందో నాకు ఆనాడు పూర్తిగా అర్థమయింది.

ఇప్పుడు ప్రతిపాదన సంగతికి వస్తాను. ఒక నిర్మాణ సంస్థ మన భవనాన్ని ఉచితంగా కొత్తగా కట్టి ఇస్తామన్నది. ఎనిమిది అంతస్తులు, లిఫ్టు, ప్రయోగశాలలు, సమావేశ మందిరం. ప్రతిగా ఆటస్థలం ఉన్న వైపు ఒక వాణిజ్య భవనం కట్టుకుంటుంది. పిల్లలకు ఆటస్థలం రెండవ అంతస్తు పైన, పార్కింగు కప్పుమీద ఇస్తుంది. దీనిని ముంబయి వాడుకలో పోడియం అంటారు. పటంలో పచ్చ రంగు వేసి చూపించారు.

ఒప్పుకోవాలన్న పెద్దల వాదన తేలికగా తీసివేయదగినది కాదు. మన భవనం వర్షాకాలంలో కారుతున్నది. ఆరు, ఏడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి తడవకుండా కాపాడిన రోజులున్నాయి. పిల్లల సంఖ్య తగ్గుతున్నది. చాలా కుటుంబాలు కల్యాణ్, డోంబివలీ, నవీ ముంబయి వైపు వెళ్లిపోయాయి. ఉన్నవారిలో ఇంగ్లీషు మాధ్యమం కోరేవారు ఎక్కువ. కొత్త భవనం, మంచి ప్రయోగశాల ఉంటే పిల్లలు నిలుస్తారేమోనని వారి ఆశ. మరమ్మతుకు మన దగ్గర డబ్బు లేదు. ఈ మాటలలో అబద్ధం ఒక్కటీ లేదు. ట్రస్టు పెద్దలు స్వలాభం కోరేవారు కారని నాకు ముప్పయ్యేళ్లుగా తెలుసు.

అయినప్పటికీ నేను వద్దంటున్నాను. ఎందుకో చెప్తాను. దాదరులోని కోహినూర్ మిల్లు భూమి పునర్నిర్మాణం విషయంలో, నివాసులకు వదలవలసిన కనీస వినోద స్థలం పోడియం మీద కాదు, నేలమీదనే ఉండాలని సర్వోన్నత న్యాయస్థానం 2013 డిసెంబరులో చెప్పింది. పాఠశాలలకు ఏ నిబంధన వర్తిస్తుందో వకీళ్లు చూస్తారు, నిబంధనలు మారుతుంటాయి కూడా. నేను చెప్పేది బడి సంగతి. కప్పుమీద వేప చెట్టు పెరగదు. మన ఆవరణలోని వేపను నాటినవారు మొదటి జట్టు విద్యార్థులు. కప్పుమీద ఖో-ఖో స్తంభం పాతలేము. పిల్ల పడితే మట్టి మీద పడడం వేరు, కాంక్రీటు మీద పడడం వేరు. అన్నిటికంటె, లిఫ్టు ఎక్కి వెళ్లవలసిన ఆటస్థలం సాయంత్రం మూసి ఉంటుంది.

బతుకమ్మ మాట కూడా చెప్పాలి. ప్రతి సంవత్సరం ఈ చుట్టుపక్కల తెలుగు ఆడపడుచులు బతుకమ్మ ఆడేది మన ఆటస్థలంలోనే. ఊరు విడిచి మూడు తరాలయిన కుటుంబాల పిల్లలు కూడా ఆ తొమ్మిది రోజులు తంగేడు పువ్వు కోసం దాదరు పూలబజారు వెతుకుతారు. ఆ వలయం చుట్టూ మరాఠీ, కన్నడ కుటుంబాలవారు నిలబడి చూస్తారు, కొందరు వచ్చి చప్పట్లు కలుపుతారు. నాకు తెలిసి ఈ పేటలో తెలుగువారు ఎవరి అనుమతీ అడగకుండా వందమంది కూడగల చోటు ఇంకొకటి లేదు.

వద్దనడం సులభం, కారుతున్న కప్పు సంగతేమిటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మా ఉపాధ్యాయ బృందం ఒక లెక్క వేసింది. భవనం మొత్తం కూల్చనవసరం లేదని, కప్పు, తూర్పు గోడ, మరుగుదొడ్లు ముందుగా బాగు చేస్తే మరికొన్ని ఏళ్లు నిలుస్తుందని మన పూర్వ విద్యార్థులలోని ఇంజనీర్లు ఇద్దరు వచ్చి, పరీక్షించి, రాసి ఇచ్చారు. ఆ పని మూడు విడతలుగా చేయవచ్చు. మొదటి విడతకు కావలసిన మొత్తంలో కొంత ఉపాధ్యాయులం మా జీతాల నుండి ఇస్తామని తీర్మానించుకున్నాము. మిగతాది పూర్వ విద్యార్థులను అడుగుతున్నాము. ఈ బడిని పెట్టినవారు మీకంటె ధనవంతులు కారన్న సంగతి మాత్రం గుర్తు చేస్తాను.

ఇంకొక మాట. నేల మనదని తలుపు మూసుకుని కూర్చుంటే ఆ నేలను కాపాడమని అడిగే హక్కు మనకుండదు. అందుకని వచ్చే సోమవారం నుండి సాయంత్రం అయిదు నుండి ఏడు వరకు పాఠశాల గేటు పేటలోని పిల్లలందరికీ తెరిచి ఉంచడానికి ట్రస్టు వారు అనుమతించారు. ఏ బడి, ఏ భాష అని అడగము. మంగళ, గురు, శనివారాలు బాలికలకు మాత్రమే. వంతుల వారీగా ఇద్దరు ఉపాధ్యాయులు, ఇద్దరు తల్లులు అక్కడ ఉంటారు. పేర్లు ఇవ్వదలచిన తల్లులు మా కార్యాలయంలో రాయించండి. నాన్నగార్లు వచ్చినా వద్దనము.

సర్వసభ్య సమావేశం ఈ నెలాఖరు ఆదివారం ఉదయం పది గంటలకు మేడమీది హాలులో జరుగుతుంది. నిర్మాణ సంస్థ ప్రతిపాదన ఇంగ్లీషులో, మరాఠీలో ఉన్నది. పెద్దవారు చదువుకోవడానికి వీలుగా మా తెలుగు ఉపాధ్యాయులు దానిని తెలుగులోకి మార్చి రాశారు. దాని పక్కనే మరమ్మతుల అంచనా కూడా ఉంచాము. రెండింటి నకళ్లు గేటు దగ్గరి బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు ఇంటికొకటి తీసుకువెళ్లండి. నా మాటతో ఏకీభవించనివారు కూడా ఆదివారం తప్పక రావాలని మనవి చేస్తున్నాను.